ప్రాసెస్ మేనేజ్‌మెంట్ డాక్యుమెంట్లలోంచి పాత సెట్టింగులను సాగనంపడం ఎలా: లినక్స్ అడ్మిన్లకు సమగ్ర మార్గదర్శి

రాత్రి ఒకటిన్నరకు ఫోన్. అవతల మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, డేటాబేస్ పడిపోయింది. డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాను" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

అతను చెప్పింది అక్షరాలా నిజం. మా రన్‌బుక్‌లో, అంటే సర్వర్ పనులు ఎలా చేయాలో రాసుకున్న డాక్యుమెంట్‌లో, ఒక లైన్ ఉండేది. మెమరీ అయిపోయినా కెర్నెల్ డేటాబేస్‌ను చంపకుండా ఉండాలంటే ఆ ప్రాసెస్ ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) స్కోర్ అడ్జ్ ఫైల్‌లో -17 రాయమని. ఆ -17 అసలు ఆ ఫైల్‌ది కాదు. అంతకు ముందున్న ఓఓఎం అడ్జ్ ఫైల్‌ది. పాత ఫైల్‌లో కొలత -17 నుంచి +15 వరకు, -17 అంటే ఈ ప్రాసెస్ జోలికి వెళ్లొద్దని అర్థం. కొత్త ఫైల్‌లో కొలత -1000 నుంచి +1000 వరకు. అక్కడ ఆ మాట చెప్పాలంటే -1000 రాయాలి. -17 రాస్తే మొత్తం మెమరీలో 1.7 శాతం మేర రాయితీ దొరుకుతుంది, అంతే. మా సర్వర్‌కు 64 జీబీ మెమరీ, స్వాప్ (మెమరీ నిండితే వాడే డిస్క్ చోటు) లేదు. రాయితీ దాదాపు 1.1 జీబీ. 40 జీబీ వాడుతున్న డేటాబేస్‌కు అది ఏ మూలకు?

ఎప్పుడో ఎవరో డాక్యుమెంట్‌లో ఫైల్ పేరు మాత్రం కొత్తది పెట్టి, అంకెను అలాగే వదిలేశారు. ఆ పేజీ చూస్తే నిన్న మొన్న అప్‌డేట్ చేసినట్టే కనిపించేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పటినుంచి పాత సెట్టింగులను డాక్యుమెంట్లలోంచి తీసే పనిని సర్వర్ అప్‌గ్రేడ్‌తో సమానంగా చూస్తున్నాను. దానికి ప్లాన్ ఉండాలి, టెస్ట్ ఉండాలి, ఏం చేశామో రికార్డ్ ఉండాలి. మేము చేసిన క్రమాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. సర్వీసులను లేపి, ఆపే సిస్టమ్‌డి మీద నడిచే లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు, వాటి రన్‌బుక్‌లు రాసేవాళ్లకు ఇది పనికొస్తుంది. సెట్టింగుల పేర్లు, కమాండ్లు పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే వాడండి.

మొదటి అడుగు: ఏ సర్వర్ మీద ఏముందో రాసుకోండి

డాక్యుమెంట్ ముట్టుకునే ముందు సర్వర్ల జాబితా కావాలి. ఒక సెట్టింగ్ పాతదా కాదా అన్నది ఏ వెర్షన్ మీద నడుస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. రెడ్ హ్యాట్ 7లో సిస్టమ్‌డి 219. అక్కడ మెమరీ లిమిట్ అన్న పేరే సరైనది, మెమరీ మ్యాక్స్ అని రాస్తే దానికి అర్థం కాదు. ఎందుకంటే ఆ కొత్త పేరు వచ్చిందే 231లో. రెడ్ హ్యాట్ 8లో 239, రెడ్ హ్యాట్ 9లో 252, రెడ్ హ్యాట్ 10లో 257. ఉబుంటు వైపు 20.04లో 245, 22.04లో 249, 24.04లో 255. డెబియన్ 12లో 252, డెబియన్ 13లో 257.

సిస్టమ్‌సీటీఎల్‌కు వెర్షన్ ఆప్షన్ ఇస్తే మొదటి లైన్‌లోనే ఈ నంబర్ కనిపిస్తుంది. దీంతోపాటు ఇంకొకటి తప్పక చూడాలి: సీగ్రూప్ వి1 నడుస్తోందా, వి2 నడుస్తోందా. ఏ సర్వీస్‌కు ఎంత సీపీయూ, మెమరీ దక్కాలో కెర్నెల్ చూసుకునే ఏర్పాటే సీగ్రూప్. స్టాట్ కమాండ్‌తో /సిస్/ఎఫ్‌ఎస్/సీగ్రూప్ ఫైల్‌సిస్టమ్ రకం అడగండి. సీగ్రూప్2ఎఫ్‌ఎస్ అని వస్తే వి2. టీఎంపీఎఫ్‌ఎస్ అని వస్తే వి1 గానీ, రెండూ కలిసిన హైబ్రిడ్ గానీ.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, పాత సెట్టింగుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది. సీగ్రూప్ వి2ను 2016 మార్చిలో వచ్చిన 4.5 కెర్నెల్‌లో అధికారికంగా ప్రకటించారు. 2019లో ఫెడోరా 31 దాన్ని డీఫాల్ట్ చేసింది. 2021లో డెబియన్ 11, ఉబుంటు 21.10, 2022లో రెడ్ హ్యాట్ 9 అదే దారి పట్టాయి. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డి 256, వి1 మీద బూట్ అవడానికే డీఫాల్ట్‌గా ఒప్పుకోదు. 2025 సెప్టెంబర్ నాటి 258లో వి1 మద్దతును పూర్తిగా తీసేశారు. రెడ్ హ్యాట్ 8 మాత్రం ఇప్పటికీ డీఫాల్ట్‌గా వి1 మీదే నడుస్తుంది. కాబట్టి 8 నుంచి 9కి మారుతున్న టీంలు ఈ పనిని వాయిదా వేయకూడదు.

ఒక స్ప్రెడ్‌షీట్‌లో సర్వర్ గ్రూపు, ఓఎస్, సిస్టమ్‌డి నంబర్, సీగ్రూప్ వెర్షన్, ఆ సర్వర్ రిటైర్ అయ్యే తేదీ రాసుకోండి. ఐదు కాలమ్‌లు చాలు.

రెండో అడుగు: పాత పేర్లు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతకండి

వికీ పేజీలతో మొదలుపెట్టండి, కానీ అక్కడితో ఆపకండి. మాకు ఎక్కువ పాత పేర్లు దొరికింది వికీలో కాదు. సర్వర్లను ఆటోమేటిక్‌గా సెటప్ చేసే అన్సిబుల్ టెంప్లేట్లలో, ఎప్పుడో వెండర్ పంపిన ఇన్‌స్టలేషన్ పీడీఎఫ్‌లో, కొత్తవాళ్లకు చూపించే ట్రైనింగ్ స్లైడ్లలో, చాట్ గ్రూప్‌లో పిన్ చేసిన మెసేజ్‌లో దొరికాయి. రాత్రి పూట చెయ్యి ముందుగా వెళ్లేది ఆ పిన్ చేసిన మెసేజ్ మీదకే. దాన్ని అస్సలు వదలొద్దు.

ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్‌కు ఇవ్వాల్సిన పదాల జాబితా ఇది: సీపీయూ షేర్స్, స్టార్టప్ సీపీయూ షేర్స్, బ్లాక్ ఐఓ అని మొదలయ్యేవన్నీ, మెమరీ లిమిట్, ఓఓఎం అడ్జ్, కిల్ మోడ్ నన్, పర్మిషన్స్ స్టార్ట్ ఓన్లీ, స్టార్ట్ లిమిట్ ఇంటర్వల్, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు సిస్‌లాగ్ అని ఇచ్చిన లైన్లు, /వార్/రన్ కింద పీఐడీ ఫైల్, లిమిట్స్ డాట్ కాన్ఫ్, ఇనిట్‌ట్యాబ్, చెక్‌కాన్ఫిగ్, రన్‌లెవల్, సీజీక్రియేట్.

సర్వర్ మీద కూడా చూడాలి. ప్యాకేజీతో వచ్చే యూనిట్ ఫైల్ (సర్వీస్ ఎలా నడవాలో సిస్టమ్‌డికి చెప్పేది) ఒక చోట ఉంటుంది, దాని మీద మనం పెట్టుకున్న మార్పుల ఫైళ్లు, అంటే డ్రాప్-ఇన్‌లు /ఈటీసీ/సిస్టమ్‌డి/సిస్టమ్ కింద ఉంటాయి. దేన్ని ఏది కప్పేస్తోందో సిస్టమ్‌డి-డెల్టా చూపిస్తుంది. ఒక సర్వీస్ మొత్తం చివరికి ఎలా తయారైందో సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ చూపిస్తుంది. చాలామంది మర్చిపోయే మూల ఇంకొకటి ఉంది. ఎప్పుడైనా ఎవరైనా సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీ కొట్టి ఉంటే, ఆ మార్పు /ఈటీసీ/సిస్టమ్‌డి/సిస్టమ్ డాట్ కంట్రోల్ అన్న ఫోల్డర్‌లో శాశ్వతంగా కూర్చుంటుంది. ఏ డాక్యుమెంట్‌లోనూ, ఏ గిట్ రిపోజిటరీలోనూ కనిపించదు. సర్వర్ రీబూట్ అయినా పోదు.

మూడో అడుగు: దొరికినవాటిని కుప్పలుగా వేరు చేయండి

అన్ని పాత సెట్టింగులూ ఒకేలా ప్రమాదకరం కాదు. నేను వాటిని ఇలా చూస్తాను.

పేరు పాతదైనా పని జరుగుతూనే ఉండేవి కొన్ని. స్టాండర్డ్ అవుట్‌పుట్ సిస్‌లాగ్ అలాంటిదే. 246 నుంచి దాన్ని జర్నల్‌గా మార్చేసుకుని, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ముందుకెళ్తుంది. /వార్/రన్ కూడా అంతే, ఇప్పుడది /రన్‌కు లింక్ మాత్రమే. వీటికి తొందరేం లేదు.

పనిచేస్తూనే ముంచేవి రెండో రకం. కిల్ మోడ్ నన్ వాటిలో పెద్దది. సర్వీస్ ఆపమన్నప్పుడు ఆపే కమాండ్ మాత్రం నడిపి, మిగిలిన ప్రాసెస్‌లను ముట్టుకోకుండా వదిలేస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే పాత ప్రాసెస్ పోర్ట్ పట్టుకుని కూర్చునే ఉంటుంది.

రాసినా ఎవరూ పట్టించుకోనివి మూడో రకం. నాకు వీటిమీదే ఎక్కువ కోపం. ఎర్రర్ రాదు, సర్వీస్ లేస్తుంది, డాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది. అవసరం పడిన రోజున మాత్రం ఆ సెట్టింగ్ అసలు లేనట్టే లెక్క.

నాలుగో రకం అంకె అర్థమే మారిపోయినవి. మా రాత్రి ఫోన్‌కు కారణం ఇదే. వీటికి ఎరుపు రంగు పెట్టి ముందు వీటినే పట్టుకోండి.

చివరిగా పద్ధతే పోయినవి. ఇనిట్‌ట్యాబ్‌ను సిస్టమ్‌డి చదవదు. రన్‌లెవల్ 3 స్థానంలో మల్టీ-యూజర్ టార్గెట్, 5 స్థానంలో గ్రాఫికల్ టార్గెట్ వచ్చాయి. చెక్‌కాన్ఫిగ్ ఆన్ బదులు సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్. సిస్టమ్ ఫైవ్ కాలపు ఇనిట్ స్క్రిప్టులను 2023లో వచ్చిన 254లోనే డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు, తర్వాత తీసేస్తాం) అని ప్రకటించారు. కాబట్టి ఇనిట్.డి స్క్రిప్ట్ రాయమని చెప్పే పేజీ మీ దగ్గర ఇంకా ఉంటే, దానికి బదులు ఒక చిన్న యూనిట్ ఫైల్ నమూనా పెట్టండి.

నాలుగో అడుగు: ఒక్కొక్కదాన్ని మార్చి రాయండి

అసలు పని ఇక్కడే ఉంది. నిదానంగా చేయండి.

సీపీయూ షేర్స్. ఒక సర్వీస్‌కు సీపీయూలో ఎంత వాటా ఇవ్వాలో చెప్పే అంకె ఇది. 1957 ఏప్రిల్ 1న మన రూపాయికి పదహారణాల లెక్క పోయి వంద నయాపైసల లెక్క వచ్చింది. ఎనిమిదణాలంటే అర్ధరూపాయి, ఎనిమిది నయాపైసలు మాత్రం అర్ధరూపాయి కాదు. ఇక్కడా జరిగింది అదే. సీపీయూ షేర్స్ డీఫాల్ట్ 1024, పరిధి 2 నుంచి 262144. దాని స్థానంలో 232లో వచ్చిన సీపీయూ వెయిట్ డీఫాల్ట్ 100, పరిధి 1 నుంచి 10000. పాత అంకెను 1024తో భాగించి 100తో గుణిస్తే కొత్త అంకె వస్తుంది. 512 అయితే 50, 2048 అయితే 200, 256 అయితే 25.

లెక్క మర్చిపోతే ఏమవుతుందో ఒక సర్వీస్‌ను దగ్గర్నుంచి చూద్దాం. రాత్రి బ్యాకప్ సర్వీస్ మిగతావాటికి అడ్డం రాకూడదని ఎవరో సీపీయూ షేర్స్ 512 పెట్టారు, అంటే మామూలులో సగం. పేరు మాత్రం మార్చి సీపీయూ వెయిట్ 512 అని రాశారనుకోండి. ఇప్పుడు డీఫాల్ట్ 100 కదా, ఆ బ్యాకప్‌కు పక్క సర్వీస్ కంటే ఐదు రెట్లు ఎక్కువ వాటా దక్కుతుంది. సగం ఇద్దామనుకున్న చోట ఐదింతలు ఇచ్చాం. 512 కొత్త పరిధిలోనే ఉంది కాబట్టి ఎర్రర్ రాదు. సీపీయూ ఖాళీగా ఉన్నంతసేపు ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే ఈ వాటాలు పోటీ పడినప్పుడే లెక్కకొస్తాయి. నెలాఖరు బిల్లింగ్ జాబ్, బ్యాకప్ ఒకేసారి నడిచిన రాత్రి తెలుస్తుంది.

డాక్యుమెంట్‌లో ఇంకో వాక్యం కూడా చేర్చండి. వెయిట్ అన్నది ఒకే స్లైస్ (సర్వీసుల గుంపు) కింద ఉన్న సర్వీసుల మధ్య పంపకం మాత్రమే. ఇంతకు మించి వాడకూడదని గట్టిగా కట్టడి చేయాలంటే సీపీయూ కోటా వాడాలి. ఈ రెండింటినీ కలిపేసి రాసిన పేజీలు చాలా చూశాను.

బ్లాక్ ఐఓ వెయిట్. డీఫాల్ట్ 500, పరిధి 10 నుంచి 1000. కొత్త ఐఓ వెయిట్ డీఫాల్ట్ 100, పరిధి 1 నుంచి 10000. ఐదుతో భాగిస్తే సరిపోతుంది. అయితే డిస్క్ పనుల వరుస చూసే బీఎఫ్‌క్యూ షెడ్యూలర్ గానీ, కెర్నెల్‌లోని ఐఓ కాస్ట్ కంట్రోలర్ గానీ పనిచేస్తుంటేనే ఈ అంకెకు విలువ. మీ డిస్క్‌లకు అవి లేకపోతే ఆ సంగతి పేజీలో స్పష్టంగా రాసేయండి.

మెమరీ లిమిట్. పేరు మెమరీ మ్యాక్స్ అయింది, అంకె మారలేదు. అలాగని కాపీ-పేస్ట్ చేసి వెళ్లిపోవద్దు. వి2లో మెమరీ లెక్క కట్టే తీరు వేరు. ఫైల్ క్యాష్, కెర్నెల్ వాడుకునే మెమరీతో పాటు టీసీపీ సాకెట్ బఫర్లు కూడా అదే ఖాతాలో పడతాయి. స్వాప్‌కు మాత్రం విడిగా మెమరీ స్వాప్ మ్యాక్స్ పెట్టాలి. పాత సర్వర్ మీద 4 జీబీలో హాయిగా నడిచిన సర్వీస్‌కు కొత్త సర్వర్ మీద అదే 4 జీబీ ఇరుకు కావచ్చు. ముందు లిమిట్ కొంచెం వదులుగా పెట్టి, ఒక నెలాఖరు రద్దీ దాటాక అసలు వాడకం చూసి బిగించండి.

మెమరీ హై అన్న ఇంకో మంచి సెట్టింగ్ ఉంది. పాత డాక్యుమెంట్లలో అది ఉండదు, ఎందుకంటే దానికి సమానమైనది అప్పట్లో లేదు. మెమరీ హై దాటితే సర్వీస్ నెమ్మదిస్తుంది, కెర్నెల్ దాని మెమరీని వెనక్కి లాక్కుంటుంది, కానీ చంపదు. మెమరీ మ్యాక్స్ దాటి, వెనక్కి తీసుకోవడానికి ఇంకేమీ మిగలకపోతే ఓఓఎం కిల్లర్ దిగుతుంది. సిస్టమ్‌డి మాన్యువల్ కూడా మెమరీ హై మీదే ఎక్కువ ఆధారపడమని, మ్యాక్స్‌ను ఆఖరి గోడగా ఉంచమని చెబుతుంది. మెమరీ లిమిట్ పేజీ తిరగరాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపి రాయండి.

జావా సర్వీసులు నడిపేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. జావా ప్రోగ్రాములను నడిపే పాత జేవీఎంలు సీగ్రూప్ వి2 లిమిట్లను చదవలేవు. జావా ప్యాకేజీ అయిన జేడీకే 15లో ఆ మద్దతు వచ్చింది, తర్వాత వెనక్కి 11.0.16కు, 8లో 372వ అప్‌డేట్‌కు తెచ్చారు. అంతకంటే పాతది వి2 సర్వర్ మీద నడిపితే, అది మీరు పెట్టిన 4 జీబీని చూడదు, సర్వర్ మొత్తం 64 జీబీని చూస్తుంది. హీప్ (జావా ప్రోగ్రాం వాడుకునే మెమరీ) సైజు మీరు చెప్పకపోతే దాంట్లో నాలుగో వంతు, అంటే 16 జీబీ వరకు తనదే అనుకుంటుంది. ఇంకేముంది, 4 జీబీ దగ్గర గోడకు కొట్టుకుంటుంది. జావా సర్వీస్ పేజీల్లో మెమరీ మ్యాక్స్ పక్కనే కనీస జేడీకే వెర్షన్ కూడా రాయండి.

ఓఓఎం అడ్జ్. -17 ఉంటే -1000. మిగతా మైనస్ అంకెలను 1000తో గుణించి 17తో భాగించాలి. -16 అయితే -941. కెర్నెల్ కూడా పాత ఫైల్‌లో ఎవరైనా రాస్తే ఇదే లెక్క కడుతుంది. యూనిట్ ఫైల్‌లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ అని ఒక లైన్ పెడితే చాలు, ప్రాసెస్ లేచిన తర్వాత /ప్రాక్‌లోకి వెళ్లి ఎకో కొట్టే పాత అలవాటు అక్కర్లేదు. ఆ ఎకో పద్ధతిలో ఇంకో లోపం ఉంది: సర్వీస్ రీస్టార్ట్ అయితే ప్రాసెస్ కొత్తది, రాసిన అంకె గాలికి పోతుంది.

లిమిట్స్ డాట్ కాన్ఫ్. ఓపెన్ ఫైళ్ల లిమిట్ పెంచడానికి ఇక్కడ రెండు లైన్లు చేర్చమని చెప్పే పేజీ దాదాపు ప్రతి టీంలోనూ ఉంటుంది. ఈ ఫైల్‌ను చదివేది లాగిన్లను చూసుకునే ప్యామ్, అంటే లాగిన్ సెషన్లకే అది పనిచేస్తుంది. సిస్టమ్‌డి లేపే సర్వీసులకు వర్తించదు. అడ్మిన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి యూలిమిట్ కొట్టి చూస్తే 65536 కనిపిస్తుంది. సర్వీస్ మాత్రం 1024 దగ్గరే ఆగి ఉంటుంది. యూనిట్ ఫైల్‌లో లిమిట్ నోఫైల్ అని రాయాలి. 2018 డిసెంబర్‌లో వచ్చిన 240 నుంచి సర్వీసులకు హార్డ్ లిమిట్ 524288 అయింది, సాఫ్ట్ లిమిట్‌ను కావాలనే 1024 దగ్గర ఉంచారు. సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్ 1024 దాటిన ఫైల్ నంబర్లను పట్టుకోలేదు, దాన్ని వాడే ప్రోగ్రాములు దెబ్బతింటాయని.

స్టార్ట్ లిమిట్ ఇంటర్వల్. సర్వీస్ పదే పదే పడి లేస్తుంటే ఎన్నిసార్ల తర్వాత ఊరుకోవాలో చెప్పే సెట్టింగ్. డీఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు. మొదట్లో ఇది సర్వీస్ సెక్షన్‌లో ఉండేది. 229లో యూనిట్ సెక్షన్‌కు మారింది, 230లో పేరు చివర సెక్ చేరింది. కొత్త పేరును పాత సెక్షన్‌లో రాస్తే దాన్ని పక్కన పెట్టేసి లాగ్‌లో ఒక లైన్ రాస్తుంది, అంతే. ఆ లైన్‌ను ఎవరు చూస్తారు?

కిల్ మోడ్ నన్ బదులు ఏం పెట్టాలో చెప్పకుండా ఆ లైన్ తీసేస్తే నష్టం. దాన్ని ఎందుకు పెట్టారో ముందు కనుక్కోండి. సాధారణంగా ఆగడానికి టైం పట్టే అప్లికేషన్‌ను సిస్టమ్‌డి మధ్యలో చంపేస్తోందనే పెట్టి ఉంటారు. అలాంటప్పుడు కిల్ మోడ్ మిక్స్‌డ్ పెట్టి, టైమ్అవుట్ స్టాప్ సెక్ తగినంత పెంచి, ఆపే కమాండ్ నిజంగా అప్లికేషన్ ఆగేదాకా వేచి ఉండేలా చూడండి. ఆపమని చెప్పి వెంటనే తిరిగొచ్చే కమాండ్ అయితే, ఆ క్షణమే మిగిలిన ప్రాసెస్‌లను చంపడం మొదలవుతుంది. పర్మిషన్స్ స్టార్ట్ ఓన్లీ విషయం చిన్నదే, రూట్‌గా నడవాల్సిన కమాండ్ ముందు ప్లస్ గుర్తు పెడితే సరి.

ఐదో అడుగు: రాసింది నిజమో కాదో సర్వర్‌నే అడగండి

మార్చిన ప్రతి పేజీనీ ఒక టెస్ట్ వీఎం మీద, అదే ఓఎస్ వెర్షన్‌తో నడిపి చూడాలి. నా పద్ధతి ఇది. పేజీని పక్కన తెరిచి, అందులో ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తాను. తెలిసిన పనే కదా అని మధ్యలో ఒక్క కమాండ్ కూడా సొంతంగా చేర్చను. చేర్చాల్సి వచ్చిందంటే ఆ కమాండ్ పేజీలో లేదనే అర్థం.

ముందు సిస్టమ్‌డి-ఎనలైజ్ వెరిఫై కమాండ్‌కు యూనిట్ ఫైల్ ఇవ్వండి. తెలియని పేర్లు, తప్పు సెక్షన్లు అక్కడే బయటపడతాయి. తర్వాత డీమన్-రీలోడ్, రీస్టార్ట్. ఆపైన సిస్టమ్‌సీటీఎల్ షోతో ఆ ప్రాపర్టీ విలువ అడగండి. అది కూడా సిస్టమ్‌డి చెప్పే మాటే కాబట్టి, కెర్నెల్ దగ్గరున్న అసలు అంకెను కూడా చూడండి. వి2లో /సిస్/ఎఫ్‌ఎస్/సీగ్రూప్ కింద సిస్టమ్ స్లైస్, దానిలో మీ సర్వీస్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. సీపీయూ డాట్ వెయిట్, మెమరీ డాట్ మ్యాక్స్, మెమరీ డాట్ హై ఫైళ్లను క్యాట్ చేయండి. బ్యాకప్‌కు 50 పెడితే అక్కడ 50 కనిపించాలి. ఓపెన్ ఫైళ్ల సంగతికి /ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద లిమిట్స్ ఫైల్ ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ షెల్‌లో యూలిమిట్ చూసి తృప్తి పడొద్దు.

చివరగా జర్నల్‌సీటీఎల్‌లో ఈ బూట్ లాగ్ తీసి డిప్రికేటెడ్, అన్‌నోన్ కీ, ప్లీజ్ యూజ్ అన్న మాటల కోసం వెతకండి. పాత పేరు కనిపిస్తే దాని బదులు ఏది వాడాలో చాలాసార్లు సిస్టమ్‌డి తనే చెబుతుంది. రిటైర్ చేయాల్సిన సెట్టింగుల జాబితా సగం అక్కడే దొరుకుతుంది.

ఆరో అడుగు: ఏది ముందు తీయాలి, ఏది చివర తీయాలి

చాలామంది డాక్యుమెంట్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే అది తేలిక. నేను దాన్ని చివరికి ఉంచమంటాను. ముందు నడుస్తున్న సర్వర్లు, తర్వాత అన్సిబుల్ టెంప్లేట్లు, ఆ తర్వాతే పేజీలు. డాక్యుమెంట్‌లోంచి ముందే తీసేస్తే, సర్వర్ మీద ఇంకా ఉన్న సీపీయూ షేర్స్ 512 చూసిన మనిషికి అదేంటో చెప్పే పేజీ ఎక్కడా ఉండదు. సర్వర్ బాగుచేసి టెంప్లేట్ వదిలేస్తే వచ్చేవారం కొత్త సర్వర్ కట్టినప్పుడు పాతదే మళ్లీ పుడుతుంది.

మధ్య కాలంలో పేజీ పైన ఒక పెట్టె పెట్టండి. ఏ సెట్టింగ్, ఏ సర్వర్లకు, ఏ తేదీ దాకా. పాత సూచన, కొత్త సూచన ఒకే పేరాలో పక్కపక్కన ఉంచకండి. నిద్రమత్తులో ఉన్న కన్ను మొదట కనిపించినదాన్నే కాపీ చేస్తుంది. రెండు ఓఎస్‌లకు రెండు వేర్వేరు పేజీలు పెట్టండి, పేజీ టైటిల్‌లోనే ఓఎస్ వెర్షన్ ఉండాలి.

ఏడో అడుగు: పాత పేర్లకు ఒక పేజీ మిగల్చండి

సూచన పోవాలి కానీ పేరు పోకూడదు. ఎప్పుడో ఒక పాత ఫైల్‌లో ఆ పేరు ఎదురైన మనిషి మన వికీలో వెతికితే జవాబు దొరకాలి. దొరకకపోతే ఇంటర్నెట్‌లో వెతికి, పదేళ్ల నాటి సలహా పట్టుకొస్తాడు.

కెర్నెల్ చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఓఓఎం అడ్జ్‌ను 2010లో 2.6.36 కెర్నెల్‌లో డిప్రికేట్ చేశారు. 2012 ఆగస్టులో తీసేస్తామని ముందే చెప్పారు. 3.7 కెర్నెల్ తయారవుతున్నప్పుడు నిజంగానే తీసేశారు. కొన్ని వారాలు తిరగకుండానే వెనక్కి పెట్టాల్సి వచ్చింది, దాన్నే నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఇంకా వాడుకలో ఉన్నాయని తేలింది కాబట్టి. ఈ రోజుకూ ఆ ఫైల్ /ప్రాక్‌లో ఉంది, రాస్తే లాగ్‌లో హెచ్చరిక వస్తుంది. రెండేళ్ల ముందు చెప్పినా కెర్నెల్ వాళ్లకే అలా అయినప్పుడు, మన టీంలో ఒక ఈమెయిల్ పంపి పని అయిపోయిందనుకోవడం సరికాదు.

మా పేజీలో ప్రతి ఎంట్రీ ఒకే తీరులో ఉంటుంది. ఒకటి ఇక్కడ ఇస్తున్నాను:

పాత పేరు: ఓఓఎం అడ్జ్. ఇప్పుడు వాడాల్సింది: యూనిట్ ఫైల్‌లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్. అంకె: మారుతుంది. పాత -17 అంటే కొత్త -1000. మిగతా మైనస్ అంకెలు 1000తో గుణించి 17తో భాగించాలి. పేరు మార్చి అంకె మార్చకపోతే: ఎర్రర్ రాదు, రక్షణా ఉండదు. ఎలా చూడాలి: ప్రాసెస్ ఓఓఎం స్కోర్ అడ్జ్ ఫైల్‌ను క్యాట్ చేస్తే -1000 రావాలి. మా దగ్గర ఇంకా ఎక్కడ ఉంది: ఎక్కడా లేదు. చివరిగా పరీక్షించిన తేదీ, పరీక్షించిన ఓఎస్.

ఈ ఎంట్రీ రాసింది ఆ రాత్రి ఫోన్ చేసిన కుర్రాడే. పేరు మార్చి అంకె మార్చకపోతే అన్న లైన్ కూడా అతను చేర్చిందే. తర్వాత మిగతా ఎంట్రీలన్నిటికీ మేము ఆ లైన్ పెట్టాం, ఎందుకంటే చదివేవాళ్లకు ఎక్కువగా ఉపయోగపడుతున్నది అదేనని తేలింది.

ఎనిమిదో అడుగు: మళ్లీ లోపలికి రానివ్వకండి

టెంప్లేట్ల రిపోజిటరీలో ఒక చిన్న చెక్ పెట్టండి. రెండో అడుగులో ఇచ్చిన పదాల్లో ఏదైనా కొత్త మార్పులో కనిపిస్తే మెర్జ్ ఆగిపోవాలి, ఆగినప్పుడు చూపించే మెసేజ్‌లో పాత పేర్ల పేజీ లింక్ ఉండాలి. ఇరవై లైన్ల షెల్ స్క్రిప్ట్ చాలు. వెండర్ కొత్త ఇన్‌స్టలేషన్ గైడ్ పంపినప్పుడు కూడా అదే జాబితాతో ఒకసారి వెతకండి. మాకు కిల్ మోడ్ నన్ రెండోసారి వచ్చింది ఆ దారిలోనే.

సమీక్షకు ఆరు నెలలకోసారి అని గాల్లో తేదీ పెట్టుకోకుండా, ఓఎస్ సపోర్ట్ ముగిసే తేదీలకు ముడిపెట్టండి. రెడ్ హ్యాట్ 7 మెయింటెనెన్స్ 2024 జూన్ 30తో అయిపోయింది. దానికోసమే ఉంచిన మెమరీ లిమిట్ పేజీలు మీ దగ్గర మిగిలి ఉంటే, అలాంటి సర్వర్ ఇంకా నడుస్తోందో లేదో ముందు చూసి, లేకపోతే ఈ వారమే తీసేయొచ్చు. రెడ్ హ్యాట్ 8కి ఆ తేదీ 2029 మే 31. సీగ్రూప్ వి1 మీద మిగిలిన మా చివరి సర్వర్లు అవే. వాటి పేజీల పైనున్న పెట్టెలో ఆ తేదీ, దానికి ఆరు నెలల ముందు ఈ పని ఎవరు మొదలుపెట్టాలో వాళ్ల పేరు ఇప్పటికే రాసి ఉన్నాయి.